బాపు పెంచిన కొమ్ము పురుగులు

మా బాపు నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి బతికాడు. మరమగ్గాలను మా దిక్కు సాంచాలు అంటారు. కరీంనగర్ జిల్లాలో హుజూరాబాద్‌కు దగ్గర్లోని చిన్న పట్నం మాది. అక్కడ రేకుల షెడ్డు కింద ఒక్కో మనిషి నాలుగేసి సాంచాలు చూసుకునేవాడు. ఆ చప్పుడులో పక్కవాడికి ఒక మాట చెప్పాలంటే చెవి దగ్గరికి పోయి అరవాలి, లేదంటే చేత్తో సైగ చేయాలి. అరవై దాటి పని మానేసేనాటికి బాపు కళ్లూ వేళ్లూ చెక్కుచెదరలేదు. చెవులు మాత్రం ఆ షెడ్డులోనే ఉండిపోయాయి.

మా అవ్వ, అంటే అమ్మ, పోయిన ఏడాదికి ఆయన్ను నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడలో సర్కారు దవాఖానలో నర్సును. ఒక్కదాన్నే రెండు గదుల వాటాలో అద్దెకుండేదాన్ని. ఇల్లు గలావిడకు డెబ్బై ఏళ్లుంటాయి. బాగా భూములున్న కుటుంబం. వాళ్లింట్లో మరాఠీ మాట్లాడతారు, అందుకని వీధి వీధంతా ఆమెను ఆయి అని పిలుస్తుంది, మరాఠీలో అమ్మ అని. మా గదుల వెనక తలుపు తీస్తే ఆయి పెరడు. నాలుగు సాళ్లు వంకాయ, దాని పక్కన కాస్త జాగాలో నువ్వులు, ఆ తర్వాత పత్తి చేను.

వచ్చిన కొత్తలో బాపు రోజుకు పది మాటలు కూడా మాట్లాడలేదు. నేను పట్టుబట్టి చెవి మిషను ఇప్పించాను. రెండు రోజులు పెట్టుకుని, తీసి డబ్బాలో పెట్టేశాడు.

"ఏమైంది బాపూ?" అని గట్టిగా అడిగాను.

"సాంచాలు మళ్ల నడుస్తున్నయ్ బిడ్డా చెవుల్ల. జర సేపన్న బంద్ గానియ్," అన్నాడు.

ఆ తర్వాత మరో సంగతి జరిగింది. ఇచ్చోడ పెద్ద రోడ్డు మీదున్న ఊరు. ఒకనాడు పొద్దున బాపు రోడ్డు దాటుతుంటే వెనక నుంచి లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఆయనకు వినపడలేదు. ఎవరో చెయ్యి పట్టి గుంజారు కాబట్టి బతికాడు. ఆనాటి నుంచి గేటు దాటి బయటికి పోవడం మానేశాడు. వెనక తలుపు దగ్గర స్టూలు వేసుకుని పెరడు వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను డ్యూటీకి పోయేటప్పుడు ఎలా ఉన్నాడో, వచ్చేసరికి అలాగే ఉండేవాడు. దవాఖానలో రోజుకు ఎంతోమందికి ధైర్యం చెప్పే నాకు, మా ఇంట్లో మనిషికి ఏం చెప్పాలో తోచలేదు.

అలా ఉండగా ఒక శ్రావణమాసం సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే లోపలి నుంచి గట్టిగా పిలుపు వినిపించింది.

"బిడ్డా! ఉరికిరా! గిది సూడు!"

ఏం జరిగిందోనని పరుగెత్తాను. బాపు చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. అందులో రెండు నువ్వు ఆకులు, వాటి మీద నా చూపుడు వేలంత లావున్న ఆకుపచ్చ పురుగు. ఒళ్లంతా పక్కలకు ఏటవాలుగా పసుపు, ఊదా రంగు చారలు. తోక మీద ముందుకు వంగిన చిన్న కొమ్ము.

"నువ్వు చెట్టుకు కాడ లెక్కనే పట్టుకోని ఉన్నది. పొద్దటి సంది చూస్తున్న. కాడలు గాలికి ఊగుతుంటే గిదొక్కటి ఊగుతలేదు. గప్పుడు దొరికింది," అన్నాడు.

వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును నిలబడిన చోటు నుంచి పట్టేసే కళ్లవి. ఆయి దగ్గర పనిచేసే మనిషి మరునాడు మందు కొడతాడని తెలిసి, బాపు ఆ రాత్రికే ఇంకా రెండింటిని ఏరుకొచ్చాడు.

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి విన్న సంతోషంలో నేను ఏం అడ్డు చెప్పలేదు. మిఠాయి వచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఖాళీగా ఉంటే కడిగి ఇచ్చాను. ఆకులు నీళ్లలో తడిపి నిండా పెట్టాం, మూత గట్టిగా బిగించాం. పురుగులు ఎండిపోతాయేమోనని మా భయం. నాలుగో రోజుకు డబ్బా లోపల చెమటలు కారుతున్నాయి. ఐదో రోజు రెండు పురుగులు మెత్తబడి, నల్లటి నీళ్లు కారి చచ్చిపోయాయి.

ఆ రాత్రి బాపు అన్నం ముట్టలేదు.

"నా చేతులతోనే సంపిన," అన్నాడు.

నాకు నా మీదే కోపం వచ్చింది. గాలాడని గదిలో, తడి పక్క మీద రోగిని పడుకోబెడితే ఏమవుతుందో తెలియని మనిషినా నేను? పొద్దున లేవగానే బాపు ఎదురుగా కూర్చుని, పెదాలు కనిపించేలా నెమ్మదిగా చెప్పాను. తడి ఉండకూడదు. గాలి ఆడాలి. పూటకోసారి కింద కాగితం మార్చాలి. ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. వార్డుకు ఏ నియమాలో వీటికీ అవే నియమాలు.

బాపు తలూపాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయి కొట్టంలో పడి ఉన్న పాత కిటికీ చట్రం సైగలతో అడిగి తెచ్చుకుని, దానికి నాలుగు కర్రలు కొట్టి, పాత దోమతెర చుట్టూ బిగించి కుట్టేశాడు. ఆ కుట్టు చూడాలి మీరు. చీమ దూరే సందు లేదు. మందు పడని మూలనున్న నువ్వు కొమ్మలను తెచ్చి నీళ్ల సీసాలో నిలబెట్టి, పురుగు నీళ్లలో పడకుండా సీసా మూతికి దూది కుక్కాడు. మిగిలిన ఒక్క పురుగును అందులోకి ఎక్కించాడు.

అది తినడం మొదలుపెట్టింది. ఆకు అంచు నుంచి మొదలుపెట్టి, సాలు తప్పకుండా కోసుకుంటూ పోయేది. రెట్టలు మిరియాల గింజలంత ఉండేవి. బాపు పొద్దున్నే వాటిని లెక్కపెట్టి, రాత్రి ఎంత తిన్నదో చెప్పేవాడు. వారం తిరిగేసరికి అది నా జానలో సగానికి పైగా పెరిగింది. విసుగొస్తే నోటితో టిక్ టిక్‌మని చప్పుడు చేసేది. అది బాపుకు వినపడేది కాదు, నాకు వినపడేది.

ఒక ఆదివారం పొద్దున ఆకులు అలాగే ఉన్నాయి. పురుగు రంగు మారి మట్టిరంగులోకి తిరిగింది. దోమతెర మీద అటూ ఇటూ ఆగకుండా పరుగులు పెడుతోంది.

"పాణం పోయేటట్టున్నది బిడ్డా," అన్నాడు బాపు.

నేను ఫోనులో వెతికాను. అప్పుడు తెలిసింది, అది రోగం కాదని. ఇవి పెద్దయ్యాక రెక్కల పురుగులవుతాయి. డేగలా దూసుకుపోతాయని ఇంగ్లీషులో హాక్ మాత్ అంటారు. పట్టుపురుగులా గూడు కట్టుకోవు. నేలలోకి దిగి, మట్టిలో గది చేసుకుని, దాంట్లో ప్యూపాగా మారతాయి. పాపం మన పురుగు దిగడానికి నేల వెతుక్కుంటోంది, మేమేమో కిటికీ చట్రంలో కాగితం పరిచి కూర్చున్నాం.

ఇద్దరం బకెట్ పట్టుకుని పెరట్లోకి ఉరికాం. బాపు మట్టిని జల్లెడ పట్టాడు. జానెడు లోతున బకెట్‌లో పోసి పురుగును మీద వదిలాం. టీ పెట్టుకుని తాగేంతలో అది తలతో తవ్వుకుంటూ లోపలికి దిగిపోయింది. చివరగా కొమ్ము ఒక్కటి పైకి కనిపించి, అదీ మాయమైంది. బాపు ఆ ఖాళీ మట్టి వంక చూసి నవ్వాడు. ఇచ్చోడ వచ్చాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఇరవై రోజులకు రెక్కల పురుగు బయటికి వచ్చింది. కానీ మేము మరో తప్పు చేశాం. బకెట్ గోడలు నున్నగా ఉన్నాయి. పురుగు మట్టిలోంచి వచ్చాక పైకెక్కి వేలాడితేనే రెక్కలు సాగుతాయట. మాది ఎక్కలేక జారిపడుతూ ఉండిపోయింది. మేం చూసేసరికి రెక్కలు ముడతలు పడి, నలిగిన గుడ్డపీలికల్లా ఎండిపోయాయి.

అది ఇక ఎగరదు. బాపు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. చిటికెన వేలంత ఒళ్లు, పసుపు పచ్చని పొట్ట మీద నల్లని పట్టీలు. వీపు మీద లేత రంగులో ఒక మచ్చ. రెండు కళ్ల గుంతలు, కింద దవడ, అచ్చం మనిషి పుర్రె.

సరిగ్గా అప్పుడే ఆయి కరివేపాకు కోసమని పెరట్లోకి వచ్చింది. ఆ బొమ్మ చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అగోబాయీ! గదేంది? యముని పురుగు! ఇంట్ల పెట్టుకుంటరా దాన్ని?" అని అరిచింది. నా వైపు తిరిగి వేలు చూపించింది. "గా పురుగులన్న ఉండాలె, మీరన్న ఉండాలె. నాకు మనుమలు, మనుమరాండ్లు తిరిగే ఇల్లు ఇది."

ఆ ఊళ్లో దవాఖానకు దగ్గర్లో ఇంకో ఇల్లు దొరకడం కష్టం. ఆమె అన్నది బాపుకు వినపడలేదు. పెదాలు కదలడం చూసి నన్ను అడిగాడు. నేను చెవి దగ్గర చెప్పాను. ఆయన లేచి, ఆయి ముందుకు పోయి నిలబడ్డాడు.

"అక్కా, దాని ఈపు మీద ఏం బొమ్మ ఉన్నదో గది ఏనాడు సూసుకోలే. దానికేమెరుక? ఆకు తిన్నది, మన్నుల పండుకున్నది, లేసింది. గంతే. రెక్కలు నా తప్పుకు పోయినయ్. బతికినన్ని దినాలు దానికింత తాగిపిస్త. గా తర్వాత మీరెట్లంటే గట్ల."

ఆయి వేలు దించి, కరివేపాకు కోసుకుని వెళ్లిపోయింది, ఖాళీ చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు. బాపు గొంతు విని ఆశ్చర్యపోయానని నాకు తర్వాత చెప్పింది. అంతవరకు ఆమె మా బాపును మూగవాడనుకుంది.

బతికినన్ని రోజులు దానికి తాగించడం మాటలంత తేలిక కాదు. ఈ జాతి పురుగులు తేనెపట్టుల్లోకి దూరి తేనె దొంగిలించి తాగుతాయట. పంజరంలో పూలు పెట్టినా ముట్టవు. నేను ఇచ్చోడ అంగట్లో గోండు ఆడవాళ్ల దగ్గర అడవి తేనె తెచ్చి, నీళ్లు కలిపి, దవాఖాన మందుల సీసా మూతలో పోశాను. పురుగు నోటి గొట్టం చుట్ట చుట్టుకుని ఉంటుంది. బాపు ఎడమచేత్తో రెక్కలు మెల్లగా దగ్గరికి పట్టుకుని, కుడిచేత్తో సూది మొనతో ఆ చుట్టను విప్పి తేనెలో ముంచేవాడు. సాంచాకుండే దువ్వెనలాంటి పన్నెలో పోగులు దూర్చిన వేళ్లు కదా, ఒక్కసారి కూడా గొట్టానికి దెబ్బ తగల్లేదు. నేను ప్రయత్నిస్తే నా చేతిలో సూది జారింది. రోజూ పసిపిల్లలకు సూదులు వేసే చెయ్యి.

రెండో పూటో మూడో పూటో, తాగిస్తూ తాగిస్తూ బాపు గబుక్కున తలెత్తాడు.

"బిడ్డా, గిది మాట్లాడుతున్నది!"

నిజమే. ఆ పురుగు చిట్టెలుకలా కీచుమంటోంది. నాకు స్పష్టంగా వినపడుతోంది. కానీ బాపుకు ఎలా తెలిసింది? "నీకు వినపడ్డదా?" అని అడిగాను.

"యాడ వినపడుతది. అరచేతిల జుమ్మంటున్నది. సాంచా మీద చెయ్యి పెడితె తెలుస్తది సూడు, గట్ల." పురుగును చూస్తూనే అడిగాడు. "ఏమంటుంది?"

"కీచ్ కీచ్ అంటుంది బాపూ, ఎలుక పిల్ల లెక్క."

ఆయన గూట్లో ఉన్న చెవి మిషను డబ్బా వైపు గడ్డంతో చూపించాడు. నేను తీసి, చెవికి పెట్టి, బటన్ నొక్కాను. పురుగును నెమ్మదిగా చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు. అది మళ్లీ కీచుమంది. బాపు ముఖం ఎలా మారిందో నేను రాయలేను. వంటగదిలోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను.

ఆ రెక్కలు ముడుచుకుపోయిన పురుగు పదకొండు రోజులు బతికింది. ఆ పదకొండు రోజులూ, ఆ తర్వాత కూడా, బాపు మిషను తియ్యలేదు.

అది పోయాక ఆయన దుఃఖపడతాడనుకున్నాను. ఆయన మాత్రం మరునాడే పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని నువ్వు చెట్ల కింద వెతకడం మొదలుపెట్టాడు. మందు కొట్టగా మిగిలిన చెట్ల మీద ఏడు చిన్న పురుగులు దొరికాయి. ఒక్కొక్కటి అగ్గిపుల్లంత. ఈసారి తప్పు జరగదని తనే అన్నాడు. చట్రం కడిగి ఎండలో పెట్టాడు. పూటపూటకు కాగితం మార్చాడు. నేను డ్యూటీ నుంచి వచ్చాక ఏ పురుగు ఎప్పుడు చర్మం విడిచిందో రిపోర్టు ఇచ్చేవాడు, మా దవాఖానలో డ్యూటీ మారేటప్పుడు నర్సులం ఒకరికొకరం చెప్పుకున్నట్టు.

అవి బొటనవేలంత అయ్యేసరికి ఆయి నువ్వులు కోయించింది. కట్టలు కట్టి ఎండకు నిలబెట్టారు. పెరట్లో పచ్చి ఆకు ఒక్కటి మిగల్లేదు. వంకాయ ఆకు కూడా తింటాయని ఫోనులో ఉంది కదా అని కోసి పెట్టాం. ముట్టలేదు. నువ్వు ఆకు రుచి మరిగిన నోళ్లు. ఒక రోజు, రెండు రోజులు. పురుగులు ఆకలితో చట్రం కొసలకు పాకి తలలు ఊపుతున్నాయి.

మూడో రోజు నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం. తీసి చూస్తే స్టూలు ఖాళీ. ఆయిని అడిగితే చూడలేదంది. ఆయనకు ఫోను లేదు. నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ పెద్ద రోడ్డు, ఆ లారీ. దవాఖాన చీరలోనే బస్టాండుకు ఉరికాను. చాయ్ హోటలతను గుర్తుపట్టాడు.

"తెల్ల పంచె పెద్దమనిషి, చేతిల టిఫిన్ డబ్బ? నిర్మల్ దిక్కు బస్సెక్కిండు మేడం. పొద్దున పది గంటలకే పోయిండు."

ఎక్కడికి పోయాడో తెలియదు. ఎక్కడ దిగుతాడో తెలియదు. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ లేచి పోయాను. ఎన్ని బస్సులో లెక్కలేదు. పొద్దు గూట్లో పడే వేళకు వచ్చిన బస్సులోంచి ముందుగా ఒక పచ్చని మోపు దిగింది. తడి తువ్వాలలో చుట్టిన నువ్వు చెట్లు, వేర్లతో సహా. ఆ మోపు వెనక మా బాపు.

ఏడవాలో అరవాలో తెలియలేదు. రెండూ చేశాను.

"ఏడికి వోయినవ్ బాపూ! రోడ్డెట్ల దాటినవ్?"

"ఎందుకు పరేషాన్ అయితవ్? గొర్ల మంద దాటుతుంటె వాటి నడిమిట్ల దాటిన. గొర్లను సూస్తె లారోడు ఆగుతడు," అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో!

దారిలో కిటికీలోంచి చేలు చూసుకుంటూ పోయాడట. పచ్చ నువ్వు చేను కనిపించగానే కండక్టరు భుజం తట్టి బస్సు దిగాడట. ఆ రైతుది వానలకు సోయా మునిగిపోతే, ఆలస్యంగా నువ్వులు చల్లుకున్నాడు. బాపు టిఫిన్ డబ్బా మూత తీసి, ఒక పురుగును చూపించి, "గిది తినే ఆకు కావాలె" అన్నాడట.

"ఆయన ఏమన్నడు?"

"నవ్విండు. గీ పురుగులను సంపలేక నేను సస్తున్న, నువ్వు సాదుతున్నవా కాకా అన్నడు. నా చేన్లయి అన్ని తోలుకపో అన్నడు. మోపు నెత్తికెత్తిండు. ఐదు దినాలకు మళ్ల రమ్మన్నడు."

ఆ రాత్రి దోమతెర అవతల నుంచి ఏడు పురుగులు నమిలే చప్పుడు నాకు వినిపించింది, సన్నని వాన పడుతున్నట్టు. బాపు ఆ రైతు దగ్గరికి మరో మూడు సార్లు బస్సులో పోయి వచ్చాడు. రెండోసారి నేను వెంట వస్తానంటే వద్దన్నాడు. మూడోసారి రైతు ఇంట్లో భోజనం చేసి వచ్చాడు. నాలుగోసారి ఆయి అడిగింది, "దాదా, గా దిక్కు పోతున్నవ్ గద, మా చుట్టాలింట్ల గీ సంచి ఇచ్చిపోతవా?" అని. దాదా అంటే మరాఠీలో అన్న.

కార్తీక మాసంలో ఏడూ మట్టిలోకి దిగాయి. ఈసారి బకెట్ కాదు. వెడల్పాటి పాత నీళ్ల డ్రమ్మును సగానికి కోయించి, లోపలి గోడలకు గరుకు గోనెగుడ్డ కుట్టాడు, ఎక్కడానికి పుల్లలు గుచ్చాడు. మూడు వారాలయ్యాక ప్యూపాలను జాగ్రత్తగా తీసి, మెత్తని మట్టి మీద వరుసగా పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పాడు. ఖర్జూరం రంగులో నిగనిగలాడుతూ ఉన్నాయి.

ఆ తర్వాత ఆదిలాబాద్ చలి దిగింది. మా కరీంనగర్ చలి వేరు, ఇక్కడి చలి వేరు. పొద్దున బకెట్‌లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొరికేస్తాయి. ఇరవై రోజులు దాటాయి, నెల దాటింది, ఏదీ లేవలేదు. ఆయి వచ్చి తొంగిచూసింది.

"చచ్చినయ్ దాదా. పారెయ్యి."

బాపు ఒక ప్యూపాను రెండు వేళ్లతో తీసుకుని, ఆమె చెయ్యి చాపమని సైగ చేశాడు. ఆమె వెనకాడింది, తర్వాత చాపింది. అరచేతిలో పెట్టి వేలితో నెమ్మదిగా తాకాడు. దాని తోక కొస ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు తిరిగింది. ఆయి "అయ్యయ్యో" అంటూ గుప్పెట మూసింది, కింద పడకుండా.

"చలికి పండుకున్నయ్ అక్కా. లేస్తయ్. ఫికర్ లేదు," అన్నాడు బాపు.

ఆయన తన గొంగడి వాటికి కప్పాడు. నేను కొత్త రగ్గు కొనిచ్చేదాకా దుప్పటితోనే పడుకున్నాడు. అయినా ఒకటి తేలికపడి, లోపల ఎండిపోయింది. దాన్ని పెరట్లో పాతిపెట్టాడు. మిగతా ఆరింటిని రోజూ తాకి చూసేవాడు.

మాఘం సగానికి వచ్చింది. పగళ్లు వేడెక్కాయి. ఒక సాయంత్రం నేను లైటు వేస్తుంటే బాపు నా చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి లాక్కుపోయాడు. గోనెగుడ్డ మీద ఒక పురుగు పైకి పాకుతోంది. ముడుచుకున్న రెక్కలు భుజాల మీద చిన్న మూటల్లా ఉన్నాయి. సగం ఎత్తు ఎక్కి ఆగింది, వేలాడింది. మేం ఇద్దరం వంగి చూస్తున్నాం. ఆ మూటలు నెమ్మదిగా కిందికి సాగాయి. ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. ముందు రెక్కల్లో నలుపు, గోధుమ, నీలం గీతలు. వెనక రెక్కలు పసుపు. నా అరచేయి అంత వెడల్పున, ఒక్క మడత లేకుండా.

"సాఫ్! ఒక్క పోగు తెగలే!" అన్నాడు బాపు.

మరునాడు మసకచీకటి పడుతుండగా బాపు దాన్ని ముంజేతి మీద ఎక్కించుకుని పెరట్లో నిలబడ్డాడు. అది ముందు రెక్కలు వణికించింది, సన్నగా, గబగబా, మోటారు వేడెక్కుతున్నట్టు. తర్వాత ఒక్కసారి లేచి, పత్తి చేను మీదుగా దూసుకుపోయింది. చూపు అందుకునేలోపే లేదు.

ఆ వారమంతా మా ఇంట్లో పండగే. రెండో రోజు ఒకటి, నాలుగో రోజు రెండు. చివరి రెండూ ఒకే సాయంత్రం లేచాయి. వాటిని వదిలే వేళకు ఆయి తన ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని పెరట్లో వేసుకుంది. వెంట ఆమె కోడలు, వీధిలోని మరో నలుగురు ఆడవాళ్లు. "నాకియ్యి దాదా," అని ఆయి చెయ్యి చాపింది. బాపు ఆమె వేలి మీదికి ఎక్కించాడు. అది కీచుమంది. ఆమె కెవ్వున అరిచి, చెయ్యి మాత్రం కదపలేదు. అరిచి, నవ్వి, మళ్లీ అరిచింది. పురుగు ఆమె వేలి మీది నుంచే లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. చివరిది బాపు ముంజేతి నుంచి.

ఆయన లోపలికి పోయి నా ఫోను తెచ్చాడు. "కలిపియ్యి" అని ఒక పేరు చెప్పాడు. పాతికేళ్లు పక్క సాంచాల మీద పనిచేసిన మనిషి. పని మానేశాక బాపు ఆయనతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నేను కలిపి, స్పీకరు పెట్టి చేతికిచ్చాను. బాపు పెరడు మధ్యలో నిలబడి, షెడ్డులో అరిచినట్టు అరవసాగాడు.

"నేను రా! ఇచ్చోడ కెల్లి! పురుగులను సాదిన రా! ఏడింటికి ఆరు లేసినయ్!"

"ఏందీ? ఏం గొర్లు?" అవతలి నుంచి అంతకన్నా పెద్ద కేక.

"గొర్లు కాదు రా! పురుగులు! కొమ్ము పురుగులు! నా చేతుల మీదికెల్లి లేసి పోయినయ్!"

"బర్లా? ఎన్ని ఇస్తున్నయ్ పాలు?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి గోడ మీదుగా తొంగిచూశారు. కొట్లాటేమోనని ఎవరో గేటు దగ్గరికి వచ్చి, "ఏమైంది మేడం?" అని అడిగారు.

"ఏం కాలే," అన్నాను. "మా బాపు మాట్లాడుతుండు."

ఫోనులో ఛార్జింగ్ అయిపోయేదాకా ఇద్దరూ అలా అరుచుకుంటూనే ఉన్నారు. మర్నాడు పొద్దున ఆయన తనంతట తానే మళ్లీ కలపమన్నాడు. బర్లు కాదని ఇంకా చెప్పాల్సి ఉందట.